వెనక నుంచి వచ్చి దాటిపోయినవాళ్లు



పోయిన వీడియోలో అరిషడ్వర్గాల గురించి చెప్పుకున్నాం కదా. కామం, క్రోధం, లోభం, మోహం అయ్యేసరికే నలభై నిమిషాలు దాటింది. మిగిలిన రెండూ, అంటే మదం, మాత్సర్యం, పోస్టులో రాస్తానన్నాను. వీటిని పురాణం నుంచి కాకుండా ఆదివారం పొద్దున సైకిల్ తొక్కేవాళ్ల దగ్గర్నుంచి మొదలుపెడతాను. నవ్వకండి, విషయం సీరియస్సే.

హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు వేసిన సైకిల్ ట్రాక్ ఉంది, చాలామంది చూసే ఉంటారు. 2023 అక్టోబర్ 1న మొదలైంది. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ వైపు ఒక ముక్క, నార్సింగి నుంచి కొల్లూరు వైపు ఇంకో ముక్క, మొదలైనప్పుడు రెండూ కలిపి 23 కిలోమీటర్లు. వీలైన ఆదివారాల్లో నేనూ వెళ్తుంటాను. మేం వెళ్లేది రేసుకి కాదు. బహుమతి లేదు, చొక్కా మీద నంబరు లేదు. ఎవర్ని అడిగినా ఆరోగ్యం కోసం వచ్చామనే చెప్తారు. అయినా ఒకరు ఇంకొకర్ని దాటి వెళ్లిన క్షణంలో, ఆ వెనకబడ్డ మనిషి మొహం ఒక్కసారి చూడండి.

అసలక్కడ ఏం జరిగింది? మీరు గంటకి 25 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్నారనుకోండి. గాలి చల్లగా ఉంది, కాళ్లు బాగా ఆడుతున్నాయి, మనసు హాయిగా ఉంది. కుడిపక్క నుంచి ఒకాయన 30లో వెళ్లిపోయాడు. మీ వేగం అప్పుడూ 25, ఇప్పుడూ 25. మీ జేబులోంచి ఎవరూ ఏమీ తీసుకోలేదు. ఆ హాయి మాత్రం లేదు. ఇంతసేపూ బాగున్న 25 కాస్తా ఉన్నట్టుండి సిగ్గుపడాల్సిన అంకె అయిపోయింది.

మహాభారతం సభాపర్వంలో ఇలాంటి చోటే ఒకటుంది. ఇంద్రప్రస్థం చూసి తిరిగొచ్చిన దుర్యోధనుడు పాలిపోయి, చిక్కిపోయి ఉంటాడు. ధృతరాష్ట్రుడికి అర్థం కాదు. మంచి బట్టలున్నాయి, మంచి తిండి ఉంది, మేలుజాతి గుర్రాలున్నాయి, నీకేం తక్కువైందని అడుగుతాడు. పాండవుల వైభవం చూశాక ఇవేవీ నాకు రుచించడం లేదన్నది కొడుకు జవాబు సారాంశం. హస్తినాపురంలో ఒక్క గుర్రం కూడా తగ్గలేదు, గమనించారా?

సైకిల్ మీద ఇలాంటి దెబ్బ తగలగానే మనసు ఒక లాయర్ని పెట్టుకుంటుంది. "వాడిది కార్బన్ ఫ్రేమ్." "బ్యాటరీ సైకిల్ అయ్యుంటుంది." "వాడు ఇప్పుడే మొదలెట్టాడు, నేను 40 కిలోమీటర్లు తొక్కొస్తున్నా." "నాకివాళ రికవరీ రైడ్." వీటిలో కొన్ని నిజమే కావచ్చు. కానీ కేసు ఎవరు వేశారని ఈ వాదన? దాటి వెళ్లినాయనకి మీరెవరో కూడా తెలీదు.

ఇంకొందరు వాదించరు, వెంటపడతారు. దానికో చిన్న లెక్క ఉంది. సైకిల్ మీద గాలిని చీల్చుకుని పోవడానికి కావాల్సిన శక్తి వేగం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. గాలి వీచని రోజున 25 నుంచి 30కి వెళ్తే పెరిగే వేగం 20 శాతమే, కానీ గాలికే పెట్టాల్సిన శక్తి దాదాపు 73 శాతం పెరుగుతుంది. అందుకే వెంటపడ్డవాళ్లలో చాలామంది కాసేపటికే ఆయాసపడి ఆగిపోతారు. ట్రాక్ మీదైతే పోనీలే అనుకోవచ్చు. గండిపేట వైపు మామూలు రోడ్డు మీద, కార్లూ టిప్పర్లూ తిరిగేచోట, ఈ పంతంతోనే రెడ్ సిగ్నల్ దాటేసేవాళ్లనీ, వెనక్కి చూడకుండా పక్కకి తిప్పేసేవాళ్లనీ చూశాను. పేరు కూడా తెలియని మనిషి వీపు చూసి ప్రాణం మీదికి తెచ్చుకోవడం అన్నమాట. సీరియస్ అన్నది అందుకే.

అయితే నన్ను ఎక్కువగా ఆలోచనలో పడేసింది వేరే సంగతి. దాటింది ఎవరు అన్నదాన్ని బట్టి నొప్పి మారిపోతుంది. క్లబ్ జెర్సీ వేసుకున్న సన్నటి కుర్రాడు 38లో దూసుకెళ్తే పెద్దగా ఎవరికీ ఏమీ అనిపించదు. "వాడి లెవెల్ వేరు బాసూ" అని మెచ్చుకుంటారు కూడా. అదే అరవై దాటిన పెద్దాయన ముందుకెళ్తే కొంచెం గుచ్చుకుంటుంది. చుడీదార్ వేసుకున్న అక్క ఎవరైనా వెళ్తే మగవాళ్లకి ఇంకొంచెం. ఇక బయట సర్వీస్ రోడ్డు మీద, వెనక క్యారియర్‌కి టిఫిన్ డబ్బా కట్టుకుని, గేర్లు లేని పాత సైకిల్ మీద డ్యూటీకి వెళ్తున్న సెక్యూరిటీ గార్డు ఒకాయన లక్ష రూపాయల సైకిల్‌ని దాటి వెళ్లాడనుకోండి. తర్వాత చాయ్ తాగేటప్పుడు ఆ మాట ఎవరూ ఎత్తరు.

నొప్పికి కారణం వేగమే అయితే, 38లో వెళ్లినవాడి దగ్గర ఎక్కువ బాధ కలగాలి, గార్డు దగ్గర తక్కువ కలగాలి. జరిగేది తలకిందులు. అంటే మన లోపల ఎప్పుడో ఒక లిస్టు రాసిపెట్టుకున్నాం. వీళ్లు నాకంటే పైన, వీళ్లు నాతో సమానం, వీళ్లు నా కింద. వయసు, ఆడామగా, జీతం, సైకిల్ ఖరీదు, అన్నీ ఆ లిస్టులోకి ఎక్కాయి. కింద రాసినవాళ్లు పైకొచ్చినప్పుడే మనకి దెబ్బ. పెద్దలు మదం అన్నది ఈ లిస్టునేనని నా అభిప్రాయం. మాత్సర్యం దాని వెనకాల వచ్చే మంట. మనం ఎంతసేపూ మంట ఆర్పే మార్గాలు వెతుకుతాం, దీర్ఘంగా ఊపిరి పీల్చడం, ఫోన్ పక్కన పెట్టడం వగైరా. లిస్టు జోలికి మాత్రం వెళ్లం. ఆ గార్డు డ్యూటీ ఉన్న ప్రతిరోజూ పోనూ రానూ తొక్కుతాడు. వారానికోసారి తొక్కే మనకంటే ఆయన కాళ్లకి బలం ఎక్కువ ఉంటే అందులో వింతేముంది? వింతగా తోచిందంటే, ఆయన్ని మనం ఏ వరసలో కూర్చోబెట్టామో తెలిసిపోతోంది.

ఇంకో మాట, చిన్నదే. దారి మీద మీకు కనిపించేది అందర్నీ కాదు. మీ వేగంతోనే వెళ్లేవాళ్లు మిమ్మల్ని దాటరు, మీరూ వాళ్లని దాటరు. అరకిలోమీటరు ముందో వెనకో అలాగే వెళ్తుంటారు, మీకు తగలనే తగలరు. తగిలేది మీకంటే బాగా వేగం ఉన్నవాళ్లూ, బాగా మెల్లగా వెళ్లేవాళ్లూ. ఆ కాసింత చూసి "అందరూ నన్ను దాటిపోతున్నారు" అనుకోవడం లెక్క ప్రకారమే తప్పు. బ్యాచ్‌మేట్ల ప్యాకేజీల విషయంలోనూ ఇంతే, ఆఫర్ లెటర్ ఫొటో పెట్టినవాళ్లే కనిపిస్తారు.

మరి పోటీయే పాపమా? వైరాగ్యం పేరు చెప్పి మెల్లగా తొక్కాలా? నేనలా అనుకోను. 1898లో నార్మన్ ట్రిప్లెట్ అనే అమెరికన్ పరిశోధకుడు సైకిల్ రేసుల రికార్డులు ముందేసుకుని చూశాడు. ఒంటరిగా గడియారంతో పోటీపడ్డవాళ్ల కంటే, ముందో పక్కనో ఇంకో మనిషి ఉన్నవాళ్లు వేగంగా తొక్కారు. తోటివాడు ఉంటే మనలోంచి ఒంటరిగా రాని బలం వస్తుంది. దీన్ని స్పర్ధ అనండి, నాకు అభ్యంతరం లేదు. గీత నాలుగో అధ్యాయం 22వ శ్లోకంలో మాత్సర్యం లేనివాడి ప్రస్తావన వస్తుంది. అక్కడ చెప్పింది పని మానేసి కూర్చున్నవాడి గురించి కాదు, పని చేస్తూనే బంధంలో పడనివాడి గురించి.

స్పర్ధ ఎక్కడ ఆగి మాత్సర్యం ఎక్కడ మొదలైందో తెలుసుకోవడానికి నాకు తోచిన పరీక్ష ఒకటి చెప్తాను. మిమ్మల్ని దాటి వెళ్లినాయన రెండు కిలోమీటర్ల అవతల పంక్చరైన టైరుతో పక్కన కూర్చుని ఉన్నాడు. ఆగి పంపు ఇచ్చారా లేదా అన్నది తర్వాత. ఆయన్ని చూసిన మొదటి సెకనులో లోపల ఏం కదిలింది? "అయ్యో" అనిపిస్తే ఇబ్బంది లేదు. ఎక్కడో చిన్న చల్లదనం తగిలిందా, అదీ మాత్సర్యం. కొలీగ్ ఆన్‌సైట్ క్యాన్సిల్ అయిందని విన్నప్పుడు కూడా ఆ మొదటి సెకనునే పట్టుకోండి. రెండో సెకనుకల్లా మన మంచితనం వచ్చి సర్దేస్తుంది.

కేనోపనిషత్తులో కథ మీలో కొందరికి తెలుసు. గెలుపు తమదేనని దేవతలు పొంగిపోతుంటే ఒక యక్షుడు కనిపిస్తాడు. అగ్ని వెళ్తాడు, భూమ్మీద ఉన్నదంతా కాల్చగలనంటాడు. యక్షుడు ఒక గడ్డిపోచ పెడతాడు. కాలదు. వాయువు వెళ్తాడు, ఆ పోచ కదలదు. నాకు బాగా నచ్చేది ఆ తర్వాత సంగతి. ఇద్దరూ తిరిగొచ్చి, ఆ యక్షుడెవరో తెలుసుకోలేకపోయామని మాత్రమే చెప్తారు. గడ్డి తడిగా ఉందని అగ్ని అనలేదు, ఇవాళ రికవరీ డే అని వాయువు అనలేదు. చివరికి ఇంద్రుడు వెళ్లేసరికి యక్షుడు మాయమైపోతాడు, ఉమాదేవి కనిపించి అది బ్రహ్మమని చెప్తుంది. అగ్ని, వాయువు, ఇంద్రుడు మిగతా దేవతల కంటే గొప్పవాళ్లయింది ఆ బ్రహ్మానికి అంత దగ్గరగా వెళ్లడం వల్లేనంటుంది ఉపనిషత్తు. గడ్డిపోచ దగ్గర ఓడిపోయినవాళ్లకి దక్కిన పేరు అది.

సాధన విషయానికొస్తే, పతంజలి యోగసూత్రాల మొదటి పాదంలో 33వ సూత్రం నాలుగు భావాలు చెప్తుంది. సుఖంగా ఉన్నవాళ్లతో మైత్రి, దుఃఖంలో ఉన్నవాళ్ల మీద కరుణ, పుణ్యం చేసేవాళ్లని చూసి ముదిత అంటే సంతోషం, పాపం చేసేవాళ్ల పట్ల ఉపేక్ష. వీటిలో కరుణ మనకి కొంత తేలిగ్గానే వస్తుంది. పడిపోయినవాణ్ణి లేపేటప్పుడు మనం పైనే ఉంటాం, మన లిస్టు చెక్కుచెదరదు. కష్టపడి ముందుకెళ్తున్న మనిషిని చూసి సంతోషించాలంటే మాత్రం లిస్టు చింపాలి.

సైకిల్ మీద దీనికో వీలుంది. ముందు వెళ్లే మనిషి వెనకాలే దగ్గరగా వెళ్తే ఎదురుగాలి బాగా తగ్గుతుంది. పాత రికార్డులు చూసిన ట్రిప్లెట్ కూడా ఈ గాలిచాటుని కారణాల్లో ఒకటిగా రాశాడు. అంటే మిమ్మల్ని దాటినాయన మీకో చోటు వదిలి వెళ్తున్నాడు. చెప్పకుండా అంటుకుని వెళ్లడం ప్రమాదం, మర్యాద కూడా కాదు. రోడ్డు మీద అసలు వద్దు. ట్రాక్ ఖాళీగా ఉన్నప్పుడు "అన్నా, కాసేపు మీ వెనక రానా?" అని అడగండి. కాదన్నవాళ్లు నాకు ఇంతవరకూ తగల్లేదు. సర్వీస్ రోడ్డు మీద ఆ టిఫిన్ డబ్బా ఆయన కనిపిస్తే మాత్రం పక్కకొచ్చి, రోజూ ఎన్ని కిలోమీటర్లు తొక్కుతారన్నా అని అడగండి.