ఏమీ కోరని నిష్ఠూరం

కార్తీకం వచ్చిందంటే ఢిల్లీ జనక్‌పురిలోని తెలుగు ఇళ్ళలోనూ దీపాలు వెలుగుతాయి. డీడీఏ ఫ్లాటు బాల్కనీలో తులసికుండీ, దాని ముందు ప్రమిద, ప్రమిదతోపాటు ఒక విన్నపం: ప్రమోషనో, పిల్లవాడి సీటో, అమ్మాయి పెళ్ళో. అడగడంలో తప్పేమీ లేదు. కానీ భక్తి అంటే అడగడమే అయిపోయిన చోట, దేవుణ్ణి తప్పుపట్టేవాడు భక్తుడిలా కనిపించడు, నాస్తికుడిలా కనిపిస్తాడు. సిరివెన్నెల సీతారామశాస్త్రి రాసింది చదివితే లెక్క తిరగబడుతుంది. విన్నపం చేసేవాడికంటే నిష్ఠూరమాడేవాడే దేవుడికి దగ్గరివాడేమో అనిపిస్తుంది. నిష్ఠూరం తెలుగువాళ్ళ మాట. పైవాళ్ళతో తగాదా పడతాం, కోర్టుకెక్కుతాం; నిష్ఠూరమాడేది మాత్రం అయినవాళ్ళతోనే.

ఆయనకు ఇంటిపేరులా అతుక్కుపోయిన ‘సిరివెన్నెల’ 1986లో వచ్చిన కె. విశ్వనాథ్ సినిమా. అందులో కథానాయకుడు చూపులేని వేణువాద్యకారుడు, కథానాయిక మాటరాని చిత్రకారిణి. సృష్టిలోని పంపకాల మీద ఫిర్యాదు చేయడానికి ఇంతకంటే హక్కున్న జంట ఉండదు. ఆ సినిమాలో శివుడి మీద ఆయన రాసిన ఒక నిందాస్తుతి పాట ఉంది. ఆదిభిక్షువైనవాణ్ణి ఏం కోరాలి, బూడిద ఇచ్చేవాణ్ణి ఏం అడగాలి అన్నది దాని ఎత్తుగడ. అక్కడినుంచి కవి ఒక్కొక్కటే లెక్క తీస్తాడు. తీయని గొంతున్న కోకిలకు నలుపు పూశావు, ఉరిమే మేఘానికి మెరుపు సింగారం ఇచ్చావు. తేనెలూరే పూలకు మూడు రోజుల ఆయుష్షు రాసి, బండరాళ్ళను కలకాలం ఉండనిచ్చావు. ఇదీ వరస.

ఇది వట్టి అలంకారమేనని పండితులు అనవచ్చు. వ్యాజస్తుతి మనకు కొత్త కాదు. కృష్ణాతీరంలోని శ్రీకాకుళాంధ్ర దేవుడి మీద కాసుల పురుషోత్తమకవి ఆ పద్ధతిలో ఒక శతకమే చెప్పాడు. పైకి తిట్టులా ఉండి, లోపల పొగడ్త కావడం దాని లక్షణం. శివుడు మన్మథుణ్ణి కాల్చాడన్న నింద అలాగే తిరగబడుతుంది, కామాన్ని గెలిచాడన్న స్తుతిగా మారిపోతుంది. ఒప్పుకుంటాను. కానీ పువ్వు మూడు రోజులకే రాలిపోవడం ఎలా తిరగబడుతుంది? రాయికి ఉన్న ఆయువు పువ్వుకు లేకపోవడం ఏ అర్థంలో పొగడ్త? ఎన్నిసార్లు చదివినా అది నిజంగా నిందే. పురాణం మీది నిందల మధ్య, కళ్ళెదుట కనిపించే లోకం మీది నిందను కవి చల్లగా దాచిపెట్టాడు. అలంకారశాస్త్రం అక్కడిదాకా వచ్చి ఆగిపోతుంది.

ఇంతకంటే గట్టి అభ్యంతరం ఇంకొకటుంది. సినిమా పాట కూలికి రాసేది. సన్నివేశం దర్శకుడిది, బాణీ కె.వి. మహదేవన్‌ది, మాట పాత్రది, అందులో కవి విశ్వాసాన్ని వెతకడమేమిటి అని. సన్నివేశం ఇచ్చినంత మాత్రాన వాదన పుట్టదు కదా. పైగా ఆయన విషయంలో శివుడు సినిమాకంటే ముందున్నాడు. టెలిఫోను శాఖలో ఉద్యోగం చేసుకుంటూ ‘భరణి’ పేరుతో రాసుకునే రోజుల్లో, ఆయన గంగావతరణ రచన విశ్వనాథ్ దృష్టికి వచ్చాకే చిత్రసీమ తలుపు తెరుచుకుంది. తర్వాత ఏ నిర్మాతా అడగకుండానే రాసుకున్న శివగీతాలు ‘శివదర్పణం’గా పుస్తకమయ్యాయి. కూలికి రాసిన పాటలో వినిపించే గొంతూ, తనకోసం రాసుకున్న పాటలో వినిపించే గొంతూ ఒకటే అయినప్పుడు అది పాత్ర గొంతు మాత్రమేనని ఎలా అంటాం?

ఇక కర్మసిద్ధాంతం. ఎవరి ఫలం వారిదైతే దేవుణ్ణి నిలదీయడం ఎందుకని అడుగుతారు. మనిషి విషయంలో ఆ జవాబు కొంతదూరం నడుస్తుందేమోగాని, పువ్వు ఏ పాపం చేసిందని? రామదాసు సంగతీ చూడండి. గోల్కొండ చెరలో కూర్చుని సీతమ్మకు చేయించిన చింతాకు పతకం దగ్గర్నుంచి అన్ని నగల లెక్కా రాముడి ముందు పెట్టాడు, తిట్టాడు, మళ్ళీ క్షమించమన్నాడు. ఆయన్ను అభక్తుడని ఎవరూ అనలేదు. కానీ ఆ తిట్టు వెనక ఒక కోరిక ఉంది: చెర విడిపించు. సిరివెన్నెల నిష్ఠూరం వెనక అది కూడా లేదు. పూలకు ఆయుష్షు పెంచమనడు, కోకిల రంగు మార్చమనడు. ఏం కోరేది అంటూనే ఏమీ కోరకుండా ముగిస్తాడు. లేనివాడితో నిష్ఠూరం కుదరదు. వినేవాడు ఉన్నాడన్న నమ్మకం లేనిదే ఆ పాటలో మొదటి మాటే పుట్టదు. ప్రతిఫలం ఆశించని భక్తి అని మనం ఊరికే అంటుంటామే, దాని ఆనవాలు నాకు మొక్కుబడి రసీదుల్లో కంటే ఇక్కడే ఎక్కువ కనిపిస్తుంది.

దేవుణ్ణి ఇలా అడిగిన మనిషి మనుషుల్ని వదిలిపెట్టలేదు. 1993లో ‘గాయం’లో జనాన్నీ, 1997లో ‘సింధూరం’లో యాభయ్యేళ్ళ స్వాతంత్ర్యాన్నీ నిలదీశాడు. అక్కడ గొంతులో శివుడి ముందున్న చనువు లేదు, కోపం ఉంది. ఆ తేడా యాదృచ్ఛికం అనుకోను. 2019లో పద్మశ్రీ వచ్చింది. 2021 నవంబరు 30న, కార్తీక బహుళ ఏకాదశినాడు, హైదరాబాదులో ఆయన కన్నుమూశారు.