సంశయం పాటగా మారితే

సంశయంలో పుట్టిన కవితకు బాణీ కడితే ఆ సంశయం నిలుస్తుందా, లేక సంగీతం దాన్ని విశ్వాసంగా మార్చేస్తుందా? కవితను గాత్రానికీ పియానోకూ స్వరపరిచే అమెరికన్ ఆర్ట్ సాంగ్‌లో ఈ ప్రశ్నను పరిశీలించడానికి తగిన రచన ఆరన్ కోప్లాండ్ 1949–50లో కూర్చిన ‘ఎమిలీ డికిన్సన్ పన్నెండు కవితలు’.

మసాచుసెట్స్‌లోని ఆమ్‌హర్స్ట్‌లో జీవించిన డికిన్సన్ (1830–1886) చర్చి సభ్యత్వం ఎన్నడూ తీసుకోలేదు. అయినా ఆమె కవితల్లో చాలావాటి నడక చర్చిలో పాడే స్తుతిగీతాల ఛందస్సుదే. పరలోకం ఉందో లేదో అన్న సందేహాన్ని, పరలోకాన్ని కొనియాడే లయలోనే ఆమె వెలిబుచ్చింది.

బ్రూక్లిన్‌లో యూదు కుటుంబంలో పుట్టిన కోప్లాండ్ ఆ సందేహాన్ని తీర్చడానికి పూనుకోలేదు. పదో పాటలో చర్చి ఆర్గన్ పలికేది ఒక్క ముక్కయినా బోధపడని శ్రోత ఉంది. అయినా ఆమె లేచి వెళ్లేటప్పటికి లోలోపల మారిపోయి ఉంటుంది. పియానో ఇక్కడ ఆర్గన్‌లా నిండుగా మోగుతుంది. పదకొండో పాట స్వర్గయాత్ర ఉత్సాహంతో మొదలై, ఆ యాత్రను తాను నమ్మడం లేదన్న ఒప్పుకోలుకు చేరి, మట్టిలో కలిసిన ఆత్మీయుల తలపుతో నెమ్మదిస్తుంది. నమ్మకం లేకపోయినా ఆరాటం పోదని స్వరాలే చెబుతాయి.

అయితే పాట అర్థాన్ని స్వరకర్త ఒక్కడే నిర్ణయించడు. డికిన్సన్ రాసిన దాదాపు 1,800 కవితల్లో ఆమె బతికుండగా అచ్చయినవి సుమారు పది. 1890లో తొలి సంపుటిని తెచ్చిన మేబెల్ లూమిస్ టాడ్, టామస్ వెంట్‌వర్త్ హిగ్గిన్‌సన్ విరామచిహ్నాలను సవరించారు, శీర్షికలు చేర్చారు. మృత్యువు రథంలో తీసుకుపోయే కవితకు ‘రథం’ అన్న పేరు పెట్టి, మంచు తడికీ పలుచని వస్త్రానికీ వణికే చరణాన్ని తొలగించారు. కోప్లాండ్ చివరి పాటకు ఆధారం ఆ పాఠమే. అందుకే అందులో మరణం చలి ఎరుగని మర్యాదస్తుడిగా వినిపిస్తుంది. బూసీ అండ్ హాక్స్ సంస్థ ఈ పాటలను 1951లో ప్రచురించింది. రాతప్రతులను అనుసరించిన టామస్ జాన్సన్ ప్రతి 1955లో గానీ రాలేదు.

సంగీతం స్వర్గానికి సాక్ష్యం కాదు, దాని ఖండనా కాదు. నమ్మలేని మనసుకూ భక్తి తాలూకు గాఢత అందుతుందని మాత్రం ఈ పాటలు నిరూపిస్తాయి. వీటిని పాడేవారు, వినేవారు తొలగించిన ఆ చరణాన్ని కూడా తప్పక చదవాలి. కవయిత్రి సంశయం పూర్తిగా తెలిసేది అప్పుడే.