పరిగె ఎవరిది?



"నాది" అను మాట చాల చిన్నది. అయితే గట్టు తగవులు, అన్నదమ్ముల వేర్పాట్లు, కోర్టు వ్యాజ్యములు అన్నియు ఆ రెండక్షరములలోనుండియే పుట్టుచున్నవి. నాది అని నేను చెప్పుకొనునది ఎంతవరకు నాది? ఈ నెల ఈ ప్రశ్నను మన ఊరి పొలిమేరలో గాక, సముద్రమునకు ఆవలనున్న కొండ పల్లెలలో ఉంచి చూతము. ఎరుగనివారి సంగతి వినునప్పుడు మన తీర్పు కొంత నిష్పక్షముగా ఉండును గదా.

ఇండోనేషియా దేశములో సులవేసి అను పెద్ద ద్వీపము కలదు. దాని దక్షిణ భాగమున బుగిస్ అను జనులు కాపురముందురు. ఓడలు నడుపుటలో వారు పేరుపొందినవారు. అయినను అందరు తీరమున ఉండువారు కారు. మారోస్ జిల్లా కొండలలో చంబా, మల్లావా అను ప్రాంతముల పల్లెవారు లోయలలో వరి పండించి, కొండవాలులలో పెల్లెంగ్ అను చెట్టును పెంచుకొందురు. ఇండోనేషియా భాషలో దానిని కెమిరి అందురు. దాని కాయ పెంకు మిక్కిలి గట్టిది. పగులగొట్టినచో నూనె గల పప్పు వచ్చును. దానిని నూరి కూరలలో వేయుదురు; పూర్వము దానితోనే దీపములు వెలిగించుకొనిరి.

బుగిస్ జనులు 17వ శతాబ్దపు ఆరంభమునుండి ఇస్లాము మతస్థులు. వారియొద్ద మనమేమి నేర్చుకొందుమని ఎవరైన అడుగవచ్చును. పొరుగువాడెవడని అడిగిన ధర్మశాస్త్రోపదేశకునికి మన ప్రభువు ఒక సమరయుని చూపించెనని జ్ఞాపకము చేసికొందము.

ఆ పల్లెలలో ఆస్తి అనునది లెక్కలేని సంగతి కాదు. తండ్రి ఆస్తిని పంచునప్పుడు, పురుషుడు కావడితో రెండు బరువులు మోయును, స్త్రీ తలమీద ఒక బరువు మోయును అను పోలిక చెప్పి, కుమారునికి రెండు పాళ్లు, కుమార్తెకు ఒక పాలు ఇచ్చుట వారి పాత ఆచారము. ముసలితనములో తలిదండ్రులను చూచుకొన్న బిడ్డకు ఇల్లు దక్కుట కూడ వాడుక. ఆ ఇల్లు కొయ్యది, స్తంభముల మీద నిలిచియుండును. మధ్య అంతస్తులో మనుష్యులుందురు, పైన అటకమీద ధాన్యముండును. ఇంటిని మరియొక చోటికి మార్చవలసి వచ్చినచో ఊరి మగవారందరు కూడి, వెదుళ్లు కట్టి, ఇంటిని ఇల్లుగానే భుజములమీద మోసికొని పోవుదురు. స్త్రీలు వారికి పిండివంటలు చేసి పెట్టుదురు. ఆలోచించుడి: ఆ ఇల్లు యజమానునిదే, సందేహము లేదు. అయినను అతడొక్కడే దానిని ఒక అడుగైన కదల్పలేడు.

ఇక పెల్లెంగ్ తోటల సంగతి. కాయలు పండి నేల రాలును. తోటవారు వాటిని ఏరుకొందురు. వారు ఏరుకొన్న తరువాత మిగిలిన కాయలను ఎవరైనను, ఎవరి తోటలోనైనను ఏరుకొనవచ్చును. దీనిని వారు మక్కాలిచే అందురు. మన భాషలో దీనికి చక్కని మాట ఉన్నది: పరిగె. లేవీయకాండము 19వ అధ్యాయములోను ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయములోను దేవుడు పరదేశికిని తండ్రిలేనివారికిని విధవరాండ్రకును ఏర్పరచినది ఇదియే.

దీనిని ధర్మము చేయుట అనవచ్చునా? అనకూడదని నా తలంపు. బుగిస్ వారికి ప్రాణముకంటె విలువైనది ఒకటి కలదు. దానిని సిరి అందురు. మన సిరి సంపద కాదు, మానము. సిరి పోయినవాడు బ్రదికియు చచ్చినవానితో సమానుడని వారి యెంచిక. అట్టి జనులలో బీదవాడు చేయి చాచుట ఎంత కష్టము! అయితే పరిగె ఏరువాడు చేయి చాచడు. బుట్ట పట్టుకొని తోటలోనికి పోవును, నడుము వంచి పని చేయును, తన కాయలు తాను తెచ్చుకొనును. ఎవరికిని దండము పెట్టనక్కరలేదు. ఇచ్చినవాడు లేడు గనుక పుచ్చుకొన్నవాడును లేడు. దానము ఆకలిని తీర్చును గాని తలను వంచును. పరిగె ఆకలిని తీర్చి తలను నిలుపును.

ఈ మాట వ్రాయుటకు నాకు సిగ్గుగా ఉన్నది, ఎందుకో చెప్పెదను. కొన్నేండ్ల క్రిందట మా చేనిలో వేరుసెనగ పీకిన మరునాడు ఇద్దరు ముసలమ్మలు తొలికలు పట్టుకొని వచ్చిరి. కూలివారిని పెట్టి మరల ఒకసారి త్రవ్వించుకొందమని వారిని పంపివేసితిని. రెండు తట్టల కాయలు దొరికినవి, కూలికి సరిపోయినవి. వారిలో ఒకామె మన సంఘస్థురాలే. క్రిస్మసు పండుగకు ఆమెకు ఒక చీర ఇచ్చితిని. తల వంచుకొని పుచ్చుకొన్నది. తొలిక పట్టుకొని గట్టుమీద నిలిచిన దినమున ఆమె తల వంగియుండలేదు. ఆమెకు హక్కుగా చెందినదానిని తీసికొని, నా దయగా తిరిగి ఇచ్చితిని. ఆ రెంటిలో ఏది దొంగతనమో నేను మీకు చెప్పనక్కరలేదు.

పెల్లెంగ్ తోటల కథ అక్కడితో ముగియలేదు. తాతలు నాటిన ఆ తోటలలో అనేకములు ప్రభుత్వపు అడవిగా లెక్కింపబడినవి. 2004వ సంవత్సరములో ఆ ప్రాంతమున సుమారు 43,750 హెక్టారులు బంతిమురుంగ్ బులుసరావుంగ్ జాతీయవనముగా ఏర్పడినది. అడవిని కాపాడుట మంచిదే. కాని వనములో చేరిన తోటవాడు కాయలు ఏరుకొనవచ్చునే గాని, ముసలి చెట్టును నరికి క్రొత్త మొక్క నాటుటకు స్వతంత్రుడు కాడు. చెట్లు ముసలివగుచున్నవి, కాపు తగ్గుచున్నది. కాపు తగ్గిన ఇంట చేయి బిగియుట సహజము; అప్పుడు మొదట పోవునది బీదవాని పరిగెయే. పైన ఒకని హక్కు కుదించిన, దాని బరువు అందరికంటె క్రిందనున్నవాని మీద పడును. పాలించువారు ఇది మరువకూడదు.

అయితే ఇందులో మనకొక పాఠము కూడ ఉన్నది. నిన్న "నా తోట" అన్నవాడు నేడు తన తాత నాటిన చెట్టు క్రిందనే సెలవు మీద కాయలు ఏరుకొనుచున్నాడు. మన స్థితియు ఇంతే గదా! భూమి తనదనియు, మనము తనయొద్ద అతిథులుగా కాపురమున్నవారమనియు దేవుడు లేవీయకాండము 25వ అధ్యాయములో తేటగా తెలిపెను. పట్టా మన పేరనున్నను, మనమును ఆయన చేనిలో పరిగె ఏరుకొనువారమే.

ఈ కోతకాలములో మీ చేను కోసిన తరువాత రెండవసారి వెనుకకు పోకుడి. గట్టుమీద ఎవరైన నిలిచియున్నయెడల, వారు అడుగువరకు ఉండక, పక్కకు తొలగి త్రోవ ఇయ్యుడి. నేనును ఆలాగు చేయ నేర్చుకొనుచున్నాను.