పొలిమేర అవతల ఎవరున్నారు?

పొలాల అమావాస్య మర్నాడు మా ఆదిలాబాద్ గోండు గూడేల్లో బడగ జరుపుకుంటాం. వానాకాలం బురదలో పిల్లలు ఎక్కి నడిచిన వెదురు కర్రలను ఆ రోజు ఊరి పొలిమేర దాటించి వదిలేసి వస్తారు. వాటితోపాటు ఊళ్ళోని రోగాలూ పీడలూ వెళ్ళిపోవాలని అరుస్తూ పోతారు. చిన్నప్పుడు నేనూ గొంతు చించుకుని అరిచినవాడినే. ఒక ఏడు మా తాతను అడిగాను: "తాతా, మన రోగాలు పొలిమేర దాటితే అవతలి ఊరికే గదా పోయేది?" ఆయన నవ్వి, "వాళ్ళు గూడ వాళ్ళ పొలిమేర దాటిస్తరు లేరా" అన్నాడు. ఆ వయసుకు ఆ జవాబు సరిపోయింది. నేను ఆశ్రమ పాఠశాలలో ఉపాధ్యాయుడినయ్యాక, ఒక వానాకాలం మా పిల్లలకు జ్వరాలు పట్టుకున్నప్పుడు ఆ ప్రశ్న మళ్ళీ నా ముందుకు వచ్చింది. అప్పటికి తాత లేడు. జవాబు నేనే వెతుక్కోవాల్సి వచ్చింది.

సోమవారం ఒక గదిలో నలుగురైదుగురు పిల్లలు దగ్గుతూ లేచారు. ఒళ్ళు నొప్పులు, తలనొప్పి, కాలిపోయే జ్వరం. మా పిల్లలు పడుకునేది పక్కపక్కనే. ఒకరి దుప్పటి అంచు ఇంకొకరి తలకింద ఉంటుంది. గురువారానికి ముప్పై మంది దాటారు. పైనుంచి వచ్చిన మాట ఒక్కటే: విషయం బయటికి పోకూడదు, జ్వరమొచ్చిన పిల్లలను ఒక్కొక్కరిగా ఇంటికి పంపించండి. తల్లిదండ్రులకు ఫోన్ చేసి "మామూలు జ్వరమే, నాలుగు రోజులు ఇంటి దగ్గర ఉంచుకోండి" అని చెప్పాం. రిజిస్టరులో "తల్లిదండ్రుల కోరికపై" అని రాశాం. ఆ రాతలో కొంత నా చేతిది. కోరిక మాత్రం వాళ్ళది కాదు.

ఆరో తరగతి పిల్ల ఒకతి ఉండేది. వాళ్ళ నాయన అడిగి తెచ్చుకున్న మోటర్ సైకిల్ మీద వచ్చాడు. పిల్లను గొంగడిలో చుట్టి ఎక్కించుకుంటూ, "సార్, ఇంకెవరికన్న ఉందా ఈ జరం?" అని అడిగాడు. "ఒకరిద్దరికి ఉంది దాదా" అన్నాను. పిల్ల వారం రోజుల్లో లేచి తిరిగింది. ఆ పిల్లను పక్కలో వేసుకుని పడుకున్న ముసలవ్వకు ముందునుంచే ఆయాసం. పిల్ల ఇంటికి వెళ్ళిన మూడో రోజు ఆమెకు జ్వరం తగిలింది. రెండో వారం దాటకుండానే పోయింది. ఆమెకు ఏ పరీక్షా జరగలేదు. అదే జ్వరమని నేను చెప్పలేను, కాదని కూడా చెప్పలేను. దినాలకు వెళ్ళినప్పుడు ఆ నాయన నన్ను తిట్టలేదు. ఒక్క మాట అడిగాడు: "అడవిల పులి అడుగు కనబడితే ఊరూరికి చెప్పుకుంటం సార్. మీరు ముప్పై మందికి ఉంటె ఇద్దరికే అన్నరు. చెప్తె ముసలిదాన్ని వేరే పండబెట్టుకుందుము గదా?"

ఆ మాటకు ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు. కానీ నేను చేసిన తప్పేమిటో అర్థం చేసుకోవాలని అప్పటినుంచి ఆలోచిస్తున్నాను. దాచమన్నవాళ్ళు అందరూ చెడ్డవాళ్ళు కారు. వాళ్ళ కారణాలను ముందు న్యాయంగా చెప్పాలి.

మొదటిది భయం. నిజం చెబితే ఒక్క రాత్రిలో హాస్టల్ ఖాళీ అవుతుందని అంటారు. అబద్ధం కాదు, అలా జరిగిన చోట్లు ఉన్నాయి. ఖాళీ అయితే పోయేది వారం పాఠాలు మాత్రమే కాదు. మన పిల్లలు ఒకసారి చేను పనిలో పడ్డాక తిరిగి బడి మొహం చూడటం ఎంత కష్టమో ఏజెన్సీలో పనిచేసిన ప్రతి ఉపాధ్యాయుడికీ తెలుసు. ఆడపిల్ల అయితే ఇంట్లో పెళ్ళి మాట మొదలవుతుంది. రెండోది, నింద. పిల్లకు హాస్టల్లో ఏదైనా అయితే విచారణ వార్డెన్ మీదికీ, కాంట్రాక్టు ఏఎన్ఎం మీదికీ వస్తుంది. కట్టని గదులకూ, రాని డాక్టరుకూ బాధ్యులెవరని మాత్రం ఎవరూ అడగరు. చిన్న ఉద్యోగి తన మెడ కాపాడుకోవాలనుకోవడం మనిషి గుణమే.

అయినా ఈ రెండు కారణాలూ నిలబడవు. భయం నిజం చెప్పడం వల్ల పుడుతుందని అనుకోవడమే పొరపాటు. మన తల్లిదండ్రులు ముందునుంచే భయపడుతున్నారు. ఆశ్రమ పాఠశాలల్లో జ్వరాలతోనో, పాడైన అన్నం తినో పిల్లలు చనిపోయిన వార్తలు వాళ్ళు విన్నవే. అర్ధరాత్రి గేటు దగ్గరికి వచ్చి "నా పిల్లను చూపించండి" అనే తండ్రిని మనం మూఢుడు అంటాం. నిజానికి ఆయన తనకు తెలిసిన లెక్క ప్రకారమే వచ్చాడు. ఒకసారి "ఏమీ లేదు" అని విని, తర్వాత పిల్లను చాపలో చూసిన ఊరు, రెండోసారి "ఏమీ లేదు" అంటే నమ్మదు. సంతలో ఎవరో చెబితే తెలిసిన జ్వరం, సారు నోటితో తెలిసిన జ్వరం కంటే పదింతలు పెద్దదవుతుంది. దాచినందువల్ల భయం తగ్గలేదు, మన మాట విలువ తగ్గింది.

ఇక ఫ్లూ జ్వరం గురించి. దీని నడక తెలిస్తే దాచడం ఎంత దూరం పోతుందో అర్థమవుతుంది. వానాకాలంలో మనకు ఎక్కువగా తెలిసింది మలేరియా, డెంగీ. వాటికి దోమ కావాలి. ఫ్లూకు దోమ అక్కర్లేదు, దగ్గు తుంపరా, తుడుచుకున్న చెయ్యీ చాలు. ఒంట్లో చేరిన ఒకటి నుంచి నాలుగు రోజుల్లో బయటపడుతుంది. జ్వరం కనబడడానికి ఒక రోజు ముందునుంచే ఇతరులకు అంటుతుంది. తర్వాత అయిదు నుంచి ఏడు రోజుల వరకు, పిల్లల్లో ఇంకా ఎక్కువ రోజులు అంటుతూనే ఉంటుంది. అంటే బాగున్నట్టు కనిపించే పిల్ల కూడా జ్వరాన్ని మోసుకుపోవచ్చు. 1918లో ఈ జాతి జ్వరమే బొంబాయి రేవులో దిగి, రైలు దారుల వెంట దేశమంతా పాకింది. మన దేశంలోనే కోటి మందికి పైగా చనిపోయారని అంచనా. 2009లో వచ్చిన స్వైన్ ఫ్లూ మన దేశంలో మొదట బయటపడింది హైదరాబాద్‌లో, విమానం దిగిన ఒక ప్రయాణికుడిలో. అంత దూరాలు దాటే రోగానికి మా మండలం బస్సూ, వారసంత ఆటో ఒక లెక్కా?

చాలామంది పిల్లలు వారంలో కోలుకుంటారు. ఆ మాట కూడా నిజమే, అందుకే "మామూలు జ్వరం" అనడం తేలిక. కానీ ముసలివాళ్ళకు, అయిదేళ్ళలోపు పిల్లలకు, గర్భిణులకు, ఆయాసం, గుండె జబ్బు ఉన్నవాళ్ళకు అది మామూలు కాదు. మన ఆదివాసుల్లో సికిల్‌సెల్ ఉన్నవాళ్ళు ఎక్కువ. కేంద్ర ప్రభుత్వం 2023 జూలై 1న దాని నిర్మూలనకు ప్రత్యేక మిషన్ మొదలుపెట్టింది కూడా. సికిల్‌సెల్ ఉన్న పిల్లకు ఏ జ్వరమైనా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాల్సిన జ్వరమే. హాస్టల్లో జ్వరం పిల్లకు మామూలుదే కావచ్చు. ఆమె వెళ్ళే ఇంట్లో ఎవరున్నారో తెలియకుండా అది మామూలు జ్వరం అని చెప్పే హక్కు మనకు లేదు.

ఇంతవరకు బడి తప్పు చెప్పాను. ఇప్పుడు మన తప్పు. జ్వరాల మాట వినగానే మనం బాగున్న పిల్లను కూడా చెప్పాపెట్టకుండా తీసుకుపోతాం. దారిలో సంతలో ఆగుతాం, అదే వారం పెళ్ళికి పోతాం, పిల్ల దగ్గుతూనే ఊళ్ళో పాలు తాగే పిల్లలను ఎత్తుకుంటుంది. నా బిడ్డ నా దగ్గరికి వచ్చేసింది, ఇక చాలు అనుకుంటాం. బిడ్డను కాపాడుకోవాలనుకోవడం తప్పెలా అవుతుంది? గేటు దగ్గర తండ్రిని ఆపే అధికారం ఏ సారుకూ లేదు, ఉండకూడదు. కానీ తన బిడ్డను చూసుకునే ప్రేమ, ఎదురింటి అవ్వను చూడనంత ఇరుకుగా ఉండకూడదు. బడి జ్వరాన్ని ఊళ్ళోకి తోసింది. ఊరు దాన్ని పక్క ఊరికి తోస్తుంది. ఎవరి పొలిమేర వాళ్ళకు శుభ్రంగా కనిపిస్తుంది. చిన్నప్పుడు తాతను అడిగిన ప్రశ్న ఇదే.

నాకు తోచిన జవాబు ఇది. ఒక భారాన్ని ఇంకొకరి భుజం మీదికి మార్చక తప్పని సమయాలు ఉంటాయి. పిల్లను ఇంటికి పంపడమే మంచిదయ్యే రోజూ ఉంటుంది, హాస్టల్లో ఉంచడమే మంచిదయ్యే రోజూ ఉంటుంది. ఏది సరైనదో ప్రతిసారీ ముందే తెలియదు. కానీ ఏ రోజైనా తప్పే అయ్యే పని ఒకటుంది: చెప్పకుండా మార్చడం. మోయబోయేవాడికి అది ఎంత బరువో తెలియాలి. అప్పుడే అతను ఒప్పుకోగలడు, లేదా కాదనగలడు, లేదా ముసలవ్వ మంచం పక్కకు జరపగలడు. ఆ మూడు దారులూ నేను ఆ తండ్రికి మూసేశాను. ముసలవ్వ ఏ జ్వరంతో పోయినా నా తప్పు అంతే ఉంటుంది, ఎందుకంటే నా తప్పు ఆమె చావు కంటే ముందే, "ఒకరిద్దరికి" అన్నప్పుడే జరిగిపోయింది.

ఉపాధ్యాయులకు నాదొక మనవి. జ్వరమొచ్చిన పిల్లలను వేరే గదిలో పడుకోబెట్టడానికి ఆర్డరు కోసం చూడకండి. వానాకాలం జ్వరమైతే మలేరియా రక్త పరీక్ష తప్పకుండా చేయించండి. పైకి ఒకేలా కనబడే జ్వరాలకు మందులు వేరు. ఫ్లూ వైరస్ మీద యాంటీబయాటిక్ పనిచేయదు. పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వకూడదు. వేగంగా ఊపిరి తీస్తున్నా, డొక్కలు ఎగురుతున్నా, నీళ్ళు తాగకుండా మగతగా పడి ఉన్నా, తగ్గిన జ్వరం మళ్ళీ తిరగబెట్టినా వెంటనే 108కి ఫోన్ చేయండి. తల్లో తండ్రో వచ్చి పిల్ల పక్కన ఉంటానంటే చోటు చూపించండి. ఇవన్నీ చేసినా చేయలేకపోయినా, ఎంతమందికి జ్వరం ఉందో ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

యువకులకు ఇంకో మాట. "సీజనల్ వ్యాధులు ప్రబలుతున్నందున" అని నోటీసు అంటిస్తే మన గూడెంలో అర్థమయ్యేది ఎంతమందికి? గోండిలో, కోయలో, కొలామీలో అదే విషయాన్ని అవ్వకు అర్థమయ్యేలా చెప్పగలిగేది మీరే. ఫోన్లో వచ్చిన పుకారును నలుగురికి పంపడానికి ముందు బడికి ఒక ఫోన్ చేసి అడగగలిగేదీ మీరే. పటేల్‌ను కూర్చోబెట్టి, బడినుంచి వచ్చిన పిల్లలు వారం రోజులు ముసలివాళ్ళకూ పసిపిల్లలకూ దూరంగా పడుకోవాలని ఊరి కట్టుగా పెట్టించగలిగేదీ మీరే. బడగ నాడు రోగాన్ని తరమడానికి ఊరంతా కలిసి నడుస్తాం. ఆ కలిసి నడవడం మన దగ్గర ఉంది. మనం చేయాల్సింది పొలిమేర దగ్గర ఆగి అవతలికి ఒక కేక వేయడమే: ఇక్కడ జ్వరం ఉంది, జాగ్రత్త.

మరుసటి ఏడు నుంచి మా బడి గేటు దగ్గర నల్లబల్ల మీద రోజూ జ్వరం ఉన్న పిల్లల సంఖ్య రాస్తున్నాను. మొదట్లో నాకు మాటలు పడ్డాయి. కొందరు తల్లిదండ్రులు సంఖ్య చూసి పిల్లలను తీసుకుపోయారు. ఎక్కువమంది చూసి, పిల్లతో మాట్లాడి, చెట్టుకింద కాసేపు కూర్చుని వెళ్ళారు.

ఆ పిల్ల ఎనిమిదో తరగతికి వచ్చిన ఏడు మళ్ళీ జ్వరం తగిలింది. వాళ్ళ నాయనకు నేనే ఫోన్ చేశాను. "ఎంతమందికి ఉంది సార్?" అన్నాడు. "పదకొండు మందికి, మీ పిల్లతో కలిపి" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "ఇంట్ల చిన్నోడున్నడు సార్, పాలు తాగేటోడు. పిల్లను ఆడనే ఉంచుండ్రి. నేనొస్త."

మర్నాడు మధ్యాహ్నానికి గటక మూట పట్టుకుని వచ్చాడు. మూడు రాత్రులు పిల్ల మంచం పక్కన కింద పడుకున్నాడు.