అది ఉప్పెనే

మా అమ్మకి నలభై ఏళ్ళు దాటి ఒకే కల వస్తోంది. ఏడాదికి ఇన్నిసార్లని లెక్కేమీ లేదు. కార్తీకంలో కాస్త ఎక్కువ. సముద్రానికి వందల కిలోమీటర్ల దూరాన, హైదరాబాదులో మా నాలుగో అంతస్తు ఇంట్లో పడుకున్నా సరే వస్తుంది. అరవదు, ఏడవదు. నిద్రలో కుడిచేతి పిడికిలి బిగిస్తుందంతే. చిన్నప్పుడు నేను ఆమె కుడిపక్కన పడుకునేదాన్ని కాబట్టి ఆ పిడికిట్లో చాలాసార్లు నా మణికట్టే ఉండేది. పొద్దున్న స్కూలుకి తయారవుతుంటే గోళ్ళ గుర్తులు కనిపించేవి. ఎందుకని అడిగితే "కలొచ్చిందిలే" అనేది.

కల పెద్దదేమీ కాదు. పూరిపాక. మధ్యనున్న నిట్రాటని ఒక చేత్తో పట్టుకుని నిలబడి ఉంటుంది. తలుపు సందులోంచి చూస్తే తూర్పున తెల్లగా గోడలాంటిది. ఆ గోడ నడిచి వస్తుంటుంది. అది పాకని తాకేలోపు మెలకువ వచ్చేస్తుంది. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా నీళ్ళు మీద పడలేదుట.

1977 నవంబర్ 19, శనివారం. దివిసీమ ఉప్పెన గురించి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. సముద్రం ఐదారు మీటర్ల ఎత్తున లేచి ఊళ్ళ మీదికొచ్చింది. పదివేల మందికి పైగా పోయారు. అమ్మ వాళ్ళ ఊరు నాగాయలంక దాటాక, సముద్రం వైపు. ఆమెకప్పుడు పదకొండేళ్ళు. చెల్లెలికి అయిదు. అంటే నాకు పిన్ని. ఇప్పుడు నాకు ముప్ఫై ఏడు, మా పిన్నికి ఇంకా అయిదే. ఫొటో ఒక్కటీ లేదు. ఆ రోజుల్లో అయిదేళ్ళ ఆడపిల్లకి ఫొటో తీయించే ఇల్లు కాదు మాది.

పరిశోధన చేస్తున్న రోజుల్లో, 2014లో, స్త్రీల కలల్లో నీటి రూపకాల గురించి ఒక సెమినార్‌లో పేపర్ చదివాను. అందులో పేరు చెప్పకుండా అమ్మ కలని వాడుకున్నాను. పాక అంటే కుటుంబమనీ, నిట్రాట అంటే స్త్రీకి ఆసరాగా చూపించబడే పురుషుడనీ, నడిచొచ్చే గోడ పితృస్వామ్యమనీ, ఎప్పటికీ మీద పడని ఆ అల ఆమె ఎప్పటికీ వ్యక్తం చెయ్యలేకపోయిన ఆగ్రహమనీ విశ్లేషించాను. బాగుందన్నారు. తర్వాత ఒక వ్యాస సంకలనంలో కూడా వేశారు. ఆ పుస్తకం టీపాయ్ మీద ఉంటే అమ్మ తీసుకుంది. పదో తరగతి వరకు చదువుకున్న మనిషి, కళ్ళజోడు పెట్టుకుని రెండు రోజులు ఓపిగ్గా చదివింది. మూడోరోజు కూర తరుగుతూ అంది:

"బాగానే రాశావు గానీ, అది ఉప్పెనేనే అమ్మాయ్. మీ నాన్నా కాదు, మా అత్తారిల్లూ కాదు."

నాకు నవ్వొచ్చింది, సిగ్గూ వేసింది. సాహిత్య విద్యార్థిని కదా, వెంటనే లోపల్నుంచి ఒక జవాబు కూడా లేచింది. రచన అర్థం మీద రచయితకి ప్రత్యేక హక్కేమీ లేదని క్లాసులో పిల్లలకి చెప్పేదాన్ని, కల అర్థం మీద కల కన్నవాళ్ళకి మాత్రం ఎందుకుండాలి? ఈ ప్రశ్న చాలాకాలం నన్ను వదల్లేదు. ఇప్పటికీ పూర్తిగా వదిలిందని చెప్పలేను.

ఇక్కడ నాకు డోరా గుర్తొస్తుంది. ఫ్రాయిడ్ దగ్గరికి తండ్రి తీసుకొచ్చిన పద్దెనిమిదేళ్ళ అమ్మాయి. ఆమెకీ మళ్ళీ మళ్ళీ వచ్చే విపత్తు కల ఉంది. ఇల్లు కాలిపోతుంటుంది. తండ్రి మంచం పక్కన నిలబడి లేపుతుంటాడు. తల్లి నగలపెట్టె కోసం ఆగుదామంటుంది, తండ్రి వద్దంటాడు. కిందికి దిగి బయటపడగానే మెలకువ. ఆ కల మొదట ఎప్పుడొచ్చింది? తండ్రి స్నేహితుడు ఆమెని వేధించిన సరస్సు పక్క ఇంట్లో, ఆమె గదికి వేసుకునే తాళంచెవి మాయమైన రోజుల్లో. ఫ్రాయిడ్‌కి ఇవన్నీ తెలుసు. ఆమే చెప్పింది, ఆయనే రాశాడు. అయినా ఆ నగలపెట్టెలో, ఆ మంటలో ఆయనకి కనిపించింది ఆ అమ్మాయి అణచుకున్న కోరిక. 1900 డిసెంబర్ 31న డోరా ఆయన దగ్గరికి రావడం మానేసింది. 1905లో ఆయన ఆ కేసు అచ్చువేశాడు. ఆ తర్వాత స్త్రీవాదులు దాన్ని ఎన్నిసార్లు తిరగేసి చదివారో! హెలెన్ సిక్సూ 1976లో నాటకమే రాసింది. నేనూ నా థీసిస్‌లో ఒక అధ్యాయంలో సగం ఫ్రాయిడ్‌ని కడిగేశాను. ఇల్లు కాలుతోందని అమ్మాయి అంటే, ముందు ఇల్లు కాలుతోందని నమ్మాలి కదా అని.

మరి ఉప్పెన వస్తోందని మా అమ్మ అంటే నేను చేసిందేమిటి? నా వ్యాఖ్యానం ఆయనదానికంటే అభ్యుదయకరమైనదే కావచ్చు. అది అమ్మ పక్షాన నిలబడిందనే అనుకున్నాను. కానీ చేతిలో ఉన్న సిద్ధాంతం వేరైనంత మాత్రాన పద్ధతి వేరవదు. అమ్మ చెప్పిన దాన్ని పక్కకి జరిపి, దాని వెనక నాకు ముందే తెలిసినదాన్ని పెట్టాను.

ఫ్రాయిడ్‌కి న్యాయం చెయ్యాలంటే ఇంకోమాట కూడా చెప్పాలి. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు ప్రతి రాత్రీ అదే పేలుడులోకి మళ్ళీ వెళ్తుంటే, కలలన్నీ కోరికలు తీర్చుకోవడానికే అన్న తన సూత్రం ఇక్కడ నిలబడదని 1920లో ఆయనే ఒప్పుకున్నాడు. సైనికుల కలల దగ్గర వచ్చిన ఆ సంకోచం డోరా కల దగ్గర ఎందుకు రాలేదో!

ఇక నా సంగతి. ఇది అమ్మకి చాలాకాలం చెప్పలేదు. ఆ కల నాకూ వస్తుంది. నేను పుట్టింది ఉప్పెన తర్వాత పదేళ్ళకి. పాకలో ఎప్పుడూ ఉండలేదు. అయినా పాక వస్తుంది, తెల్లగోడ వస్తుంది. ఉద్యోగం రెన్యూ అవుతుందో లేదో తెలియని ప్రతి ఏప్రిల్‌లో వస్తుంది. విడాకుల కాగితాల మీద సంతకం పెట్టిన వారంలో వరసగా మూడు రాత్రులొచ్చింది. చరకసంహితలో కలల్ని ఏడు రకాలు చేశారు. చూసినవి, విన్నవి, అనుభవించినవి, కోరుకున్నవి, ఊహించుకున్నవి, జరగబోయేవి సూచించేవి, దోషాల వల్ల వచ్చేవి. ఇందులో మొదటి అయిదూ ఫలం లేనివేనని కొట్టిపారేశారు. ఆ వైద్యుడికి రేపేం జరుగుతుందో కావాలి, నిన్నటితో పనిలేదు. కానీ ఆ విభజనే నాకు పనికొచ్చింది. అమ్మది అనుభవించిన కల. నాది విన్న కల. చూడటానికి రెండూ ఒకటే. ఒకే పాక, ఒకే గోడ. తల్లిదండ్రుల గాయం పిల్లల్లో జ్ఞాపకంలా బతకడాన్ని మరియాన్ హిర్ష్ పోస్ట్‌మెమరీ అంది, హోలోకాస్ట్ నుంచి బయటపడ్డవాళ్ళ పిల్లల గురించి రాస్తూ. ఆ మాట మొదటిసారి చదివినప్పుడు నా మణికట్టు వైపు చూసుకున్నాను.

అమెరికన్ మనోవైద్యుడు ఎర్నెస్ట్ హార్ట్‌మన్ ఒక విషయం గమనించాడు. ఇల్లు తగలబడి బయటపడ్డవాళ్ళకీ, దాడికి గురైనవాళ్ళకీ కూడా కొన్నాళ్ళకి పెద్ద అల వచ్చి కొట్టుకుపోతున్నట్టు కలలొస్తాయట. మనసు ఆ భయాన్ని ఒక బొమ్మగా గీస్తుందనీ, భయానికి దొరికే బొమ్మల్లో అల ఒకటనీ ఆయన అంటాడు. నా విషయంలో ఇది నిజమే. నా అల రూపకమే. నా ఏప్రిల్ నెలకీ నా కోర్టు కాగితాలకీ నేను అరువు తెచ్చుకున్న బొమ్మ. అరువు ఎవరి దగ్గర్నుంచి అన్నదే బాధ. పదివేల మంది నిజంగా పోయిన నీళ్ళని నా దిగులుకి పేరుగా పెట్టుకోవచ్చా? కల అడిగి రాదు, దానికి నేను బాధ్యురాలిని కాదు. కానీ మేలుకున్నాక ఆ కలతో ఏం చేస్తానన్నదానికి, పేపర్ రాస్తానా, స్నేహితులకి చెప్పి ఓదార్పు తీసుకుంటానా అన్నదానికి, నేనే బాధ్యురాలిని.

అమ్మమ్మ బతికున్నన్నాళ్ళూ అమ్మకి కలొచ్చిన పొద్దున్న గజేంద్రమోక్షం చదివించేది. అది చదివితే దుస్వప్నాలు పోతాయని ఫలశ్రుతి. ఎప్పుడైనా ఆలోచించారా, చెడుకలలకి మందుగా మనవాళ్ళు ఎంచుకున్నది నీళ్ళలోకి లాగబడుతున్న ప్రాణి కథ. ఆ కథలో పిలిస్తే వచ్చాడు. దివిసీమలో ఆ రాత్రి ఎంతమంది పిలిచి ఉంటారు. అమ్మమ్మ ఈ మాట ఎప్పుడూ అనలేదు. పోతన పద్యాలు చదువుతున్నప్పుడు గొంతు కూడా మారేది కాదు.

కొన్నేళ్ళ క్రితం అమ్మని ఒక కౌన్సెలర్ దగ్గరికి తీసుకెళ్ళాను. మంచావిడే. మెలకువగా ఉన్నప్పుడు కలని మనకి కావలసినట్టు మార్చి రాసుకుని, రోజూ కాసేపు దాన్నే ఊహించుకునే పద్ధతి ఒకటుంది. లైంగిక దాడికి గురైన స్త్రీల పీడకలల మీద బారీ క్రాకో బృందం అమెరికాలో పరీక్షించి, కలలు తగ్గాయని 2001లో ప్రకటించింది. ఆవిడ అదే చెప్పింది. గోడ వెనక్కి వెళ్ళిపోయినట్టు ఊహించుకోండి అంది. అమ్మ తలూపింది. ఆటోలో ఇంటికొస్తూ చెప్పింది, అంతవరకూ ఎవరికీ చెప్పని మిగతా సగం.

నీళ్ళొస్తున్నాయని తెలియగానే తాతయ్య మావయ్యని భుజాల మీద కూర్చోబెట్టుకుని దూలం ఎక్కాడు. అమ్మమ్మ కడుపుతో ఉంది. చెల్లెలి చెయ్యి అమ్మకిచ్చి "వదలకే" అంది. పదకొండేళ్ళ పిల్ల ఒక చేత్తో నిట్రాట, ఒక చేత్తో చెల్లెలు. తర్వాత తెలిసేసరికి తుమ్మచెట్టులో, ముళ్ళకి జుట్టు చిక్కుకుని ఉంది. ఆ జుట్టువల్లే కొట్టుకుపోలేదుట. కుడిచెయ్యి ఖాళీగా ఉంది.

"కలలో దాని చెయ్యి ఇంకా నా చేతిలో ఉంటదే. నీళ్ళు రాకముందు కదా. ఆ కల మార్చేస్తే అదెక్కడికి పోవాలి?"

ఆటో సిగ్నల్ దగ్గర ఆగి ఉంది. నేనేమీ అనలేకపోయాను.

రూపకాలు వెతుక్కుంటూ నేను రాసిన ఆ పేపర్‌లో ఇదేదీ లేదు. పితృస్వామ్యం ఆ గోడలో దాక్కుని ఉందనుకున్నాను. అది గోడలో లేదు, పాకలోనే ఉంది. ఎవరు దూలం ఎక్కారు, ఎవరి చెయ్యి ఎవరికిచ్చారు అన్నదానిలో ఉంది. నీళ్ళకి ఆడా మగా తేడా తెలియదంటారు గానీ లెక్కలు అలా చెప్పవు. 2004 సునామీ తర్వాత ఆక్స్‌ఫామ్ 2005లో విడుదల చేసిన పత్రం ప్రకారం, తమిళనాడు కడలూరులో చనిపోయినవాళ్ళు 146 మంది మగవాళ్ళు, 391 మంది ఆడవాళ్ళు. చంకలో పిల్లలు, కాళ్ళకి అడ్డంపడే చీరలు, ఎవరూ నేర్పని ఈత, ఒడ్డున వలల కోసం ఎదురుచూపు. అమ్మ "అది ఉప్పెనే" అన్నప్పుడు స్త్రీవాదాన్ని కాదనడం లేదు. నాకే తొందరెక్కువై ఉప్పెనని దాటుకుని అవతలికి వెళ్ళిపోయాను. తాతయ్యని తప్పుపట్టడానికి కూడా నాకు నోరు రాదు. ఇద్దరు పిల్లల్ని ఎత్తుకోవడానికి ఆయనకీ రెండు భుజాలే ఉన్నాయి, నిజమే. రెండో భుజం ఖాళీగా ఎందుకుందని అమ్మ ఆయన్ని ఎప్పుడూ అడగలేదు. ఆయన 1998లో పోయాడు.

సుందరకాండలో త్రిజట కల మనందరికీ తెలిసిందే. లంక గోపురాలు విరిగి సముద్రంలో పడిపోవడం ఆమెకి కనిపిస్తుంది. మేలుకుని ఆమె చేసిన మొదటి పని, సీతని బెదిరిస్తున్న తోటి స్త్రీలని ఆపడం. శకునం అని ఆ కథని పక్కన పెట్టేసేదాన్ని. ఈమధ్య ఆ ఘట్టం మళ్ళీ చదివాను. కలకి అర్థం ఆమె కూడా చెప్తుంది, కాదనను. కానీ దాన్ని ఎదురుగా కూర్చున్న మనిషికి ఏం చెయ్యాలి అన్నదానితో కలిపే చెప్తుంది.

ఆ వ్యాసాన్ని ఉపసంహరించుకునే వీల్లేదు, పుస్తకం ఎప్పుడో అమ్ముడైపోయింది. ఇప్పటికీ అప్పుడప్పుడు ఎవరో ఒక విద్యార్థిని దాన్ని ఉటంకిస్తూ మెయిల్ పంపుతుంది. ఇలా ఇంకో వ్యాసం రాస్తానని అమ్మకి చెప్పే రాస్తున్నాను. "రాయి, ఈసారి ఉన్నదున్నట్టు రాయి" అంది. చెల్లెలి పేరు మాత్రం వెయ్యొద్దంది. కారణం అడగలేదు.

పోయిన కార్తీకంలో మళ్ళీ వచ్చింది. నేను పక్క గదిలోంచి లేచి వెళ్ళి మంచం మీద కూర్చున్నాను. పిడికిలి సడలేదాకా ఆగాను. లేచాక ఏం అర్థమని అడగలేదు, గౌను ఏ రంగని అడిగాను. "ఎరుపు. ఉతికీ ఉతికీ వెలిసిపోయింది. మీ మావయ్య చొక్కా గుడ్డ మిగిలితే కుట్టారు." కాసేపాగి నావైపు తిరిగింది.

"నీకూ వస్తదన్నావుగా. నీ కలలో అదుంటదా?"

లేదన్నాను. నా కలలో పాక ఉంటుంది, గోడ ఉంటుంది, నా రెండు చేతులూ నిట్రాట చుట్టూనే ఉంటాయి.

"ఉండదులే. నువ్వు దాన్ని చూళ్ళేదుగా," అని లేచి పాలు పెట్టడానికి వెళ్ళింది.