సాక్షియా, కారణమా?

మనుష్యుడు తాను చేసిన కార్యమును పదిమందికి చూపగోరుట నింద్యము కాదు. కొండనెక్కి వచ్చినవాడు తాను చూచినదానిని ఇంటివారికి చెప్పక యుండలేడు. చెప్పుట, వినుట అను నీ రెంటివలననే ఒకని అనుభవము పదుగురి జ్ఞానమగుచున్నది. కాని చేసినదానిని చెప్పుట వేఱు. చెప్పుకొనుటకై చేయుట వేఱు. ఈ రెంటి నడుమనున్న గీత మిక్కిలి సన్ననిది. సాహసయాత్రలను కదలని కెమేరాలతోను, ఎగురు డ్రోనులతోను చిత్రించుచున్న నేటికాలమున ఆ గీత యెక్కడ నున్నదో గుర్తించుట మఱింత కష్టమైనది. దానిని గూర్చి కొంచెము విచారింపదలచితిమి.

ఇందులకు మమ్ము పురికొల్పినది మా యింట జరిగిన యొక చిన్న సంగతి. మా మేనల్లుడు భువనగిరి కొండయొద్ద శిలారోహణము నేర్చుచున్నాడు. ఊరిమీదికి ఒక్కటే బండగా లేచి నిలిచిన యా కొండ మన ప్రాంతమున ఈ విద్యకు పేరుపొందినది. రెండు మాసములు ప్రయత్నించియు అతడు ఎక్కలేకపోయిన నున్నని చఱియ యొకటి యచట కలదు. ఒక ఆదివారపు టుదయమున, పైనుండి వచ్చు త్రాటిని నడుమునకు గట్టుకొని, రెండవ కొనను క్రింద నొక స్నేహితుడు పట్టియుండగా, అతడా చఱియను తుదిముట్ట నెక్కినాడు. దిగివచ్చి చూచుకొనగా శిరస్త్రాణమునకు తగిలించిన కెమేరా పనిచేయలేదని తెలిసినది. నొక్కితిననుకొన్న మీట నొక్కబడలేదు. అప్పటికి ఎండ ముదిరినది. చేతులలో సత్తువ తగ్గినది. “ఈ పూటకు చాలును, మఱియొకనాడు చూతము” అని స్నేహితుడు చెప్పినను వినక మావాడు మఱల నెక్కినాడు. సగము దూరమున కాలు జాఱినది. త్రాడు నిలిపినది గనుక బ్రదికినాడు. మోచేతను, మోకాటను చర్మము లేచిపోయినది.

ఆ రాత్రి మేమందఱమును కూర్చుండి ఆ చిత్రమును చూచితిమి. పిల్లలు కేకలు వేసిరి, పెద్దలము నిట్టూర్చితిమి. మొదటిసారి అతడు చఱియను పూర్తిగా నెక్కినాడన్న సంగతి నాలుగు దినముల తరువాత గాని మాకు తెలియలేదు. రెండు ప్రయత్నములలో మొదటిది సఫలము, రెండవది విఫలము. ఐనను చిత్రము లేనందున మొదటిది మా యింటివారికి జరుగనట్లే యైనది. ఆ రెండవమాఱు ఎక్కుట యెవరికొఱకు? ఈ ప్రశ్న నాటినుండియు మమ్ము వదలలేదు.

మొదట ఈ యంత్రముల పని యెట్టిదో చూతము. నడచుచు, పరుగెత్తుచు తీసిన చిత్రము సహజముగా వణకును. ఆ వణకును పోగొట్టుటకై అమెరికా దేశీయుడగు గారెట్ బ్రౌన్ 1970వ దశకమున స్టెడీకామ్ అను సాధనమును కల్పించెను. 1976లో వెలువడిన చలనచిత్రములతో అది ప్రసిద్ధికెక్కెను. అది కవచమువలె ఒంటికి తొడుగుకొని మోయవలసిన బరువు. నేడు చేతిలో ఇముడు గింబల్ ఆ పని చేయుచున్నది. చేయి ఏవైపునకు ఎంత తిరిగినదో గైరోస్కోపు కొలిచి తెలుపగా, మూడు చిన్న మోటారులు కెమేరాను అంతమేర ఎదురుదిక్కునకు త్రిప్పును. శిరస్త్రాణమునకు తగిలించు చిన్న కెమేరాలలో ఈ మోటారులు లేవు. అవి కావలసినదానికంటె పెద్దచిత్రమును గ్రహించి, దేహము వణకినకొలది చట్రమును దానిలోపల అటునిటు జరిపి, అంచులను కోసివేసి, మిగిలిన భాగమునే మనకు చూపును. నిలుకడకు ఆ యంత్రము చెల్లించు వెల చిత్రపు టంచులు.

పోవునవి అంచులు మాత్రమే కావు. ఎక్కువాని కాలి వణకు, ఒక్క క్షణము తడబడిన అడుగు, ఇవియు వానితో మాసిపోవుచున్నవి. దీనికి తోడు, విశాలమైన దృశ్యమును పట్టునట్టి కటకము ఏటవాలును తగ్గించి చూపును. నిటారైన చఱియ మెల్లని యెగుడువలె నగపడును. ఈ చిత్రములు అపాయమును పెద్దదిచేసి చూపునని పెద్దలు తలతురు. పెక్కుచోట్ల నిజము దానికి విపరీతము. అవి అపాయమును చిన్నదిచేసి చూపుచున్నవి. ఇంట కూర్చుండి చూచు పదునాఱేండ్ల బాలునకు ఆ త్రోవ తేలిపోవుటకు తగినట్లు కనబడును; తానును పోగలననిపించును. వణకు దోషము కాదు. అది దేహమిచ్చు సాక్ష్యము. దానిని తుడిచివేసినవాడు తుడిచితినని చెప్పుట ధర్మము.

పూర్వము సాక్షియు సాహసికుడై యుండవలసివచ్చెడిది. 1924లో ఎవరెస్టు యాత్రను చిత్రించిన కాప్టెన్ జాన్ నోయెల్ తన యంత్రమును మంచుకొండలమీదికి చేర్చి, ఆ చలిని తానును అనుభవించెను. 1953 మే 29వ తేదీని ఎడ్మండ్ హిల్లరీయు, టెన్జింగ్ నార్గేయు శిఖరము చేరినప్పుడు హిల్లరీ టెన్జింగునకు ఛాయాచిత్రము తీసెను. శిఖరముపై నిలిచిన హిల్లరీ చిత్రము మాత్రము లేదు. అందువలన అతని కీర్తికి లోపమేమి కలిగినది? 2016లో మన దేశీయులగు దంపతులు పరుల శిఖరచిత్రములను మార్చి తమవిగా చూపి, ఎవరెస్టు నెక్కితిమని చాటుకొనిరి. నేపాళ ప్రభుత్వము విచారించి, వారి ధ్రువపత్రమును రద్దుచేసి, 10 సంవత్సరములు ఆ దేశపు పర్వతముల నెక్కరాదని నిషేధించెను. చిత్రము లేనివాని మాట నిలిచినది. చిత్రము చూపినవారి మాట నిలువలేదు.

డ్రోను వచ్చినతోడనే సాక్షికి కొండనెక్కవలసిన పనియే తప్పినది. ఆ యంత్రము ఱెక్కలు త్రిప్పుకొనుచు గాలిలో నిలుచును. పోవువాని వెంటబడి పోవును. నడపువాడు దూరమున నీడలో కూర్చుండును. కష్టమున పాలుపంచుకొనని సాక్షికి, తాను ఎదుటి ప్రాణికేమి చేయుచున్నాడో తెలియకపోవుట సులభము. దీనికొక నిదర్శనము కలదు.

2018 నవంబరులో ఒక చిత్రము లోకమంతట వ్యాపించినది. రష్యా దేశపు మగదాన్ ప్రాంతమున మంచుకప్పిన నిటారు చఱియపై ఒక తల్లి యెలుగుబంటియు, దాని పిల్లయు పోవుచున్నవి. తల్లి పైకి చేరినది. పిల్ల ఎక్కును, జాఱును, మఱల నెక్కును. తుదకు అందినట్లే యుండగా తల్లి పంజా విసరినది. పిల్ల బహుదూరము క్రిందికి జాఱిపోయినది. ఎట్టకేలకు అది పైకి చేరి తల్లితో పరుగెత్తిపోయినది. చూచినవారు లక్షలమంది, పట్టుదల యన నిట్లుండవలెనని మెచ్చుకొనిరి. జంతుజీవనము నెఱిగిన శాస్త్రజ్ఞులు చూచి వేఱొక మాట చెప్పిరి: పిల్లతోనున్న తల్లి అట్టి చఱియపైకి పోవుట సహజముగా లేదు, మీద మ్రోగుచు దగ్గఱకు వచ్చుచున్న డ్రోనుకు భయపడియే యుండవచ్చును, ఆ పంజా విసరుటయు దానికి బెదరియే కావచ్చును. పట్టుదల యని మనము పిల్లలకు చూపినది, ఆ చిత్రము తీయుటవలననే కలిగిన ప్రాణభయమైనచో, మనము నేర్చిన నీతి యేమి?

ప్రాణి కదలకున్నంతమాత్రమున బాధ లేదనుకొనరాదు. అమెరికాలోని మిన్నెసోటాలో నల్ల యెలుగుబంట్లపై జరిపిన పరిశోధన 2015లో ప్రకటింపబడినది. డ్రోను మీద ఎగిరినప్పుడు అవి సామాన్యముగా నున్నచోటనే యున్నవి. కాని వాని గుండె వేగము హెచ్చినది, ఒకమాఱు నిమిషమునకు 123 కొట్టుకొనుటలు అధికమైనది. 2021లో కాలిఫోర్నియా తీరమున పక్షులు గ్రుడ్లుపెట్టుచోట ఒక డ్రోను కూలగా, వేలకొలది పక్షులు గ్రుడ్లను విడిచి లేచిపోయి మఱల రాలేదు. అమెరికా దేశపు జాతీయోద్యానములలో 2014నుండియే డ్రోనులు నిషిద్ధములు. మన దేశమున 2021 నాటి నియమముల ప్రకారము పచ్చమండలములలో 400 అడుగుల యెత్తు వఱకు ముందనుమతి లేకుండ ఎగురవేయవచ్చును. శాసనము ఎత్తును కొలువగలదు. ఆ యెత్తున గూడుకట్టుకొన్న పక్షి యున్నదా లేదా యని చూచుకొనవలసినది ఎగురవేయువాని మనస్సు.

ఇట్లనుటచేత చిత్రించువారందఱు నిర్దయులని మా యభిప్రాయము కాదు. ఆలెక్స్ హానొల్డ్ అను నతడు యోసెమిటీ లోయలోని ఎల్ కాపిటన్ అను సుమారు 3000 అడుగుల శిలాభిత్తిని 2017 జూన్ 3వ తేదీని త్రాడు లేకుండ 3 గంటల 56 నిమిషములలో నెక్కెను. దానిని ‘ఫ్రీ సోలో’ అను పేర జిమ్మీ చిన్, ఎలిజబెత్ చాయ్ వసర్హెల్యీ అనువారు చిత్రించిరి. కెమేరా పట్టినవారు స్వయముగా శిలారోహకులు, అతని స్నేహితులు. తమ యునికివలన అతని మనస్సు చెదరి అతడు పడిపోవునేమో యనునదే వారి దిగులు. అత్యంత కఠినమైన చోట మనుష్యులు నిలువక, దూరమునుండి నడపు కెమేరాలను మాత్రమే యుంచిరి. క్రింద కెమేరా పట్టియున్న యొకడు చూడలేక ముఖము త్రిప్పుకొనెను. తాను సాక్షిగానుండి కారణమగుదునేమో యని భయపడిన సాక్షి యతడు.

ఈ కథలో మాకు విజయముకంటె పూజ్యముగా తోచినది మఱియొకటి. అంతకు ముందటి సంవత్సరపు శరత్కాలమున హానొల్డ్ ఒకనాడు తెల్లవాఱకముందే యెక్క నారంభించెను. కెమేరాలన్నియు సిద్ధముగా నుండెను. ఎందఱో శ్రమపడి యుండిరి. కొంతదూరము పోయి, మనస్సు కుదురలేదని అతడు వెనుదిరిగెను. అన్ని కన్నులు చూచుచుండగా వెనుదిరుగుటకు ఎక్కుటకంటె ఎక్కువ ధైర్యము కావలెను. చిత్రకారులు ఆ వెనుదిరుగుటను దాచక చిత్రమున చేర్చిరి. ఐనను త్రాడు లేకుండ ఎక్కుటను మేము పొగడుట లేదు. మన పిల్లలు గ్రహింపదగినది ఆ వెనుదిరుగుటయే యనుచున్నాము.

కొందఱిట్లనవచ్చును: “ఈ యంత్రములవలన మేలు లేదా? మంచముపట్టిన వృద్ధులు, ఇల్లు కదల వీలులేని స్త్రీలు హిమాలయములను చూచుచున్నారు గదా! అడవిలో త్రోవతప్పినవారిని వెదకుటకు డ్రోను పనికివచ్చుచున్నది గదా!” నిజమే. ఇంకను చెప్పుదుము. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామమున పుట్టిన మాలావత్ పూర్ణ 2014 మే 25వ తేదీని, 13 సంవత్సరముల 11 మాసముల ప్రాయమున, ఎవరెస్టు నెక్కినది. ఆమెయు ఈ భువనగిరి బండలమీదనే పాదము నిలుపుట నేర్చినది. శిఖరమున జాతీయపతాకము పట్టిన ఆమె చిత్రము, ఆడుపిల్లకు కొండలెందుకను పెద్దల నోరు మూయింపగలది. కాని యా చిత్రము జరిగినదానికి సాక్షి. అది లేకున్నను ఆమె యెక్కియే యుండెడిది. మా మేనల్లుడు రెండవమాఱు ఎక్కినది చిత్రము లేకున్నచో ఎక్కకయే యుండెడివాడు. భేదమంతయు నిందే కలదు.

కావున కెమేరా పట్టు యువజనులు తమ్ము తాము మూడు ప్రశ్న లడుగుకొందురు గాక. కెమేరా లేకున్నను ఈ యడుగు వేయుదునా? వెనుదిరిగినచో దానినిగూడ చూపుదునా? ఈ చిత్రమునకు వెల నేనుగాక మఱియే ప్రాణియైనను చెల్లించుచున్నదా? ఐతే దోషమంతయు వారిపై మోపుట న్యాయము కాదు. చూచువారు లేనిదే చూపువారు లేరు. గాయములతో వచ్చిన పిల్లవానిని మా యింటివారడిగిన మొదటి మాట “ఏదీ, చూపుము” అనునదే. అతని మోకాటిని ఆ తరువాత చూచితిమి. వాని నెండలో రెండవమాఱు ఎక్కించిన చేతులలో మా చేతులును కలవు.

గడచిన మాసమున అతడు మఱల భువనగిరికి పోయి సాయంకాలమునకు తిరిగివచ్చెను. వాన కురిసి బండ తడియుటచేత ఎక్కకయే వచ్చితినని చెప్పెను. చిత్రమేదని పిల్లలడుగబోగా వారి నూరకుండుమని, అతనికి మంచినీరిచ్చి, కూర్చుండి యంతయు చెప్పుమంటిమి. తడిసిన బండ యెట్లు మెఱసినదో, దిగువ నూరు వానలో ఎట్లు మాయమైనదో, తాను ఎంతసేపు సంకోచించి తుదకు త్రాడు చుట్టుకొన్నాడో, అతడు గంటసేపు చెప్పెను. పిల్లలు లేవలేదు.