పొరుగింటి స్నేహం, వంశాల అంతరం

శరత్‌చంద్ర చటోపాధ్యాయ్ రచించి, 1917లో పుస్తకరూపంలో వెలువరించిన ‘దేవదాసు’ను తెలుగువారు ఎక్కువగా 1953 నాటి వేదాంతం రాఘవయ్య చిత్రం ద్వారానే ఎరుగుదురు గనుక, ఆ పేరు వినగానే మధుపాత్ర గుర్తుకు రావడం సహజమే అయినా, కథకు ఆయువుపట్టు బడిలో మొదలైన స్నేహం వలపుగా మారిన చోట వంశగౌరవం అడ్డుపడటంలో ఉంది. దేవదాసుది జమీందారీ కుటుంబం. అతని బడి స్నేహితురాలు పార్వతిది పక్కిల్లే అయినా, ఆడపిల్లను ఇచ్చేటప్పుడు వరుని వైపు నుంచి సొమ్ము పుచ్చుకునే ఆచారం, అంటే గురజాడ నాటకానికి వస్తువైన కన్యాశుల్కం, ఉన్న ఇల్లు కావడం వల్ల పెద్దల దృష్టిలో ఆ సంబంధం తక్కువదైంది.

అర్ధరాత్రి పార్వతి ఒంటరిగా దేవదాసు గదికి వెళ్లి తన మనసు విప్పుతుంది. పరువు పోతుందన్న భయం ఆమె కన్నా అతనికే ఎక్కువ కావడం గమనించదగినది. తల్లిదండ్రులు కాదనగానే కలకత్తా చేరి, ప్రేమ లేదన్నట్టు ఉత్తరం రాసి, ఆపైన పశ్చాత్తాపంతో తిరిగివచ్చిన అతనితో, మీ పెద్దలకున్న అభిమానం మా పెద్దలకు ఉండదా అన్న ధోరణిలో ఆమె మాట్లాడినప్పుడు, అతను చేతిలోని గాలపు కర్రతో ఆమె నుదుటిపై కొడతాడు. ఈ దెబ్బను ప్రేమచిహ్నంగా మెచ్చుకున్న పాఠకులు లేకపోలేదు గాని, అది జమీందారు బిడ్డ అహంకారమే. పార్వతి చివరికి వయసు మళ్లిన మరో జమీందారుకు రెండో భార్యగా వెళ్లి, అంతకుముందు తక్కువ కులస్థాయి అనిపించుకున్న తానే ఆ పెద్ద ఇంటిని సమర్థంగా నడుపుతుంది.